డర్ట్ ట్రాక్ కోసం యమహా ఆర్‌ఎక్స్ 100కు ముందు ఫోర్కు మార్చడం ఎలా

దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, ఎండిన చేలల్లో ట్రాక్ గీసుకునే రోజులు దగ్గరపడగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆర్‌ఎక్స్‌కు ఏ బండి ఫోర్కు నేరుగా పడుతుంది?" ఫోర్కు అంటే ముందు చక్రాన్ని పట్టుకుని, గతుకులకు కిందికీ పైకీ ఆడే రెండు కాళ్ల జత. భీమవరం వారు అడిగినా, అమలాపురం వారు అడిగినా, తణుకు వారు అడిగినా మాట మారదు. అదే కుటుంబానికి చెందిన ఆర్‌ఎక్స్ బండ్ల ఫోర్కులను పక్కన పెడితే, పని లేకుండా పడేది ఏదీ లేదని ముందే చెప్పేస్తాను. పడేలా చేసుకోవాలి. ఆ పని స్పానరుతో కాదు, వెర్నియర్ కాలిపర్‌తో మొదలవుతుంది. కొలతలు రాసుకోకుండా ఫోర్కు కొన్నవారిలో చాలామంది రెండోసారి కూడా కొన్నారు.

1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఈ 98 సీసీ బండిని వింటేజ్ అనడానికి పాత కార్ల సంఘాల వారు ఒప్పుకోకపోవచ్చు. దాదాపు ముప్పై ఏళ్లు దాటిన టూ స్ట్రోక్‌ను మనవాళ్లంతా అలాగే పిలుస్తున్నారు కనుక నేనూ అదే మాట వాడుతున్నాను. కింద చెప్పే పద్ధతి యెజ్డీకి కూడా వర్తిస్తుంది. కొలతలు మాత్రం మీ బండివే తీసుకోవాలి.

అసలు మార్చాలా?

బండి ఏడాదికి ఒకటి రెండు సార్లు చదును చేసిన చేలో తిరిగేదే అయితే, పాత ఫోర్కునే విప్పి, పైపుల వంపు తీయించి, కొత్త ఆయిల్ సీళ్లు వేసి, కాస్త చిక్కటి ఫోర్క్ ఆయిల్ పోసి, స్ప్రింగు పైన 10 మి.మీ. ప్యాకింగ్ బుష్ పెడితే సరిపోతుంది. ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ. ట్రాక్‌లో దిబ్బలు, టేబుల్ టాప్‌లు (పైన చదునుగా ఉండే గెంతు దిబ్బలు) ఉండి, దిగిన ప్రతిసారీ ఫోర్కు అడుగంటా కొడుతూ ఉంటే, లేదా గతుకుల్లో బ్రేకు పట్టినప్పుడు సన్నటి పైపులు వంగి హ్యాండిల్ ఒక పక్కకు లాగుతూ ఉంటే, అప్పుడు లావు పైపుల ఫోర్కు గురించి ఆలోచించండి.

ఇంకొక మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన నిర్మాణ వివరాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పకూడదు. ఈ మార్పు చేసిన బండిని పోటీకే ఉంచండి. ట్రాక్ దగ్గరకు ట్రాలీ ఆటోలో తీసుకువెళ్లండి. ఏటిగట్టు మీద "ఒక్క రౌండు చూసుకుని వస్తాను" అనుకోవద్దు.

ఏమేం కావాలి

ముందుగా, దాత బండి, అంటే ఫోర్కు ఇచ్చే బండి, ముందు భాగం మొత్తం ఒకే సెట్టుగా కావాలి. రెండు ఫోర్కు కాళ్లు, ఆ కాళ్లను పైనా కిందా కలిపి పట్టే అడ్డ దిమ్మెలైన పై టీ, కింది టీ, యాక్సిల్, దాని స్పేసర్లు, చక్రం, బ్రేకు సామాను, పై బోల్టులు అన్నీ ఒకే బండివి ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో గాని, మరో పాత సామాన్ల దుకాణంలో గాని కాళ్లు మాత్రమే చవగ్గా వస్తున్నాయని తెచ్చుకుంటే, మిగతావి వెతకడానికే ఆ మిగిలిన డబ్బు పోతుంది. రసీదు తప్పనిసరిగా తీసుకోండి. దొంగబండి సామాను అయితే చిక్కు మీకే.

దాతలుగా ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. పాత పల్సర్ 150 ఫోర్కు పైపు 31 మి.మీ. లావు ఉంటుంది, రోడ్డు బండిది కనుక పొడవు సమస్య పెద్దగా రాదు, డిస్కు బ్రేకూ వస్తుంది. ఎక్స్‌పల్స్ 200 ఫోర్కు పైపు 37 మి.మీ., కదలిక 190 మి.మీ., చక్రం 21 అంగుళాలు. మట్టి కోసమే పుట్టిన ఫోర్కు అది. అయితే 18 అంగుళాల చక్రంతో వచ్చిన ఆర్‌ఎక్స్‌కు దానిని యథాతథంగా తగిలిస్తే ముందు భాగం గుర్రంలా లేచి నిలబడుతుంది. ట్రాక్ చదునుగా ఉంటే మొదటిది, గెంతులు ఉంటే రెండోది నా ఎంపిక.

పనిముట్లలో వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు, నిటారైన పొడవాటి బద్ద ఒకటి, మందపాటి అద్దం పలక ఒకటి, రింగ్ స్పానర్లు, అలెన్ కీలు, స్టీరింగ్ నట్టుకు సి స్పానర్, టార్క్ రెంచి, కొలజాడీ, పెద్ద సిరంజి కావాలి. టార్క్ రెంచి లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి. సరుకులలో ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు, డ్యాంపర్ బోల్టు రాగి వాషర్లు, ఫోర్క్ ఆయిల్, లిథియం గ్రీజు, స్టీరింగ్ మెడకు కొత్త కోన్ సెట్టు (బేరింగు గోళీలు, కప్పులు) ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, కొలత చెప్తే కొలతకే కోసే లేత్ పనివాడు. ఆక్వా చెరువుల ఏరియేటర్ షాఫ్టులూ, రైసు మిల్లు రోలర్లూ చేసే లేతులు మన డెల్టాలో ఊరూరా ఉన్నాయి; బేరింగు కూర్చునే చోట్లు రోజూ కోసే చెయ్యి కనుక బండి పనివారికన్నా వారే నయమని నా అనుభవం.

ఎలా చేయాలి

1. పోటీ నిబంధనలు చదవండి. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతితో జరిగే పోటీ అయితే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అనే కాగితం ఇస్తారు. మీరు దిగే తరగతిలో ఫోర్కు మార్పుకు అనుమతి ఉందో లేదో అందులో చూసుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి.

2. విప్పక ముందే పాత కొలతలన్నీ రాసుకోండి. ముందు చక్రం గాలిలో ఉండగా యాక్సిల్ మధ్య నుంచి కింది టీ అడుగు వరకు ఎంత ఉందో కొలవండి. రెండు ఫోర్కు పైపుల మధ్య దూరం, కింది టీ నుంచి లేచి ఫ్రేమ్ మెడలో తిరిగే స్టీరింగ్ రాడ్డు పొడవు, బేరింగులు కూర్చునే రెండు చోట్ల దాని లావు, రాడ్డు మధ్యకూ ఫోర్కు పైపుల మధ్యకూ ఉన్న ముందువెనుకల తేడా తీసుకోండి. ఈ చివరి కొలతను ఆఫ్‌సెట్ అంటారు. దీనిని చాలామంది మరచిపోతారు.

తరువాత ట్రెయిల్ కొలవండి. బండిని సమతలం మీద నిటారుగా నిలబెట్టి, ఒకరిని కూర్చోబెట్టి, పొడవాటి బద్దను ఫ్రేమ్ మెడ పక్కన మెడకు సమాంతరంగా పట్టి నేలకు తాకించండి. అక్కడ గుర్తు పెట్టండి. యాక్సిల్ మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి, అది చూపిన చోట ఇంకొక గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరమే ట్రెయిల్. బండి తిన్నగా పోవడానికి ఎంత ఇష్టపడుతుందో ఈ అంకె చెబుతుంది. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

3. దాత ఫోర్కు పైపులను పరీక్షించండి. పైపులను విడదీసి, శుభ్రంగా తుడిచి, అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సన్నగా, సమానంగా కనిపించాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపిస్తూ తిరిగితే వంపు ఉన్నట్టు. లేత్ దగ్గర వి బ్లాకుల మీద డయల్ గేజ్‌తో చూస్తే ఇంకా మంచిది. గేజ్ ముల్లు చూపిన మొత్తంలో సగమే అసలు వంపు, అది 0.2 మి.మీ. దాటితే ఆ పైపు వద్దు. చిన్న వంపును ప్రెస్సు మీద తీయవచ్చు గాని, ముడత పడిన పైపును, టీ పట్టు దగ్గర గాటు పడిన పైపును ఎవరు తిన్నగా చేసి ఇచ్చినా తీసుకోకండి.

మన ప్రాంతంలో వంపు కన్నా తుప్పు పెద్ద శత్రువు. నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండ్ల పైపుల మీద క్రోమ్ సూదిమొనలతో పొడిచినట్టు గుంటలు పడి ఉంటుంది. వేలిగోరును పైపు మీద నిలువుగా లాగి చూడండి. సీలు తిరిగే భాగంలో గోరు తట్టుకుంటే ఆ గుంట సీలును కోస్తుంది, నాలుగు ల్యాపులకే నూనె కారుతుంది. ఒకటి రెండు గుంటలైతే ఎపాక్సీ నింపి, ఆరిన తరువాత 1000 నంబరు నీటి కాగితంతో సమం చేసి ఒక సీజను గడపవచ్చు. ఎక్కువ ఉంటే హార్డ్ క్రోమ్ చేయించాలి. అలంకారానికి వేసే మెరుపు క్రోమ్ సీలు రాపిడికి ఆగదు.

4. స్టీరింగ్ రాడ్డు సంగతి తేల్చుకోండి. ఈ పని మొత్తంలో అసలు ఘట్టం ఇదే. మీ ఫ్రేమ్ మెడ పొడవు ఆర్‌ఎక్స్‌ది, టీలు వేరే బండివి. రెండింటినీ కలిపే రాడ్డు విషయంలో మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, దాత రాడ్డు పొడవూ లావూ మీ మెడకు దగ్గరగా ఉంటే, బేరింగులను మాత్రమే మార్చడం. లోపలి రంధ్రం దాత రాడ్డుకూ, బయటి వ్యాసం మీ ఫ్రేమ్ కప్పుకూ సరిపోయే టేపర్ రోలర్ బేరింగు దొరికితే అదృష్టం. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను బుష్‌తో సర్దవచ్చు.

రెండవది, దాత కింది టీ నుంచి పాత రాడ్డును ప్రెస్సు మీద బయటికి తీసి, ఆర్‌ఎక్స్ కొలతలకు కొత్త రాడ్డు కోయించి అందులో బిగించడం. నేను ఎక్కువగా చేసేది ఇదే. రాడ్డుకు ఇఎన్ 8 గాని, దొరికితే ఇఎన్ 19 గాని అనే గట్టి ఉక్కు రకం వాడమనండి. మామూలు మైల్డ్ స్టీలు వద్దు. అల్యూమినియం టీలో బిగువు కోసం రాడ్డు లావు రంధ్రం కన్నా 0.03 నుంచి 0.05 మి.మీ. ఎక్కువ ఉండాలి. టీని ఓవెన్‌లో 150 డిగ్రీల వరకు వేడి చేసి, రాడ్డును రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే, రంధ్రం వ్యాకోచించి రాడ్డు చేతి నెట్టుడుకే దిగుతుంది. 30 మి.మీ. అల్యూమినియం రంధ్రం అంత వేడికి సుమారు 0.09 మి.మీ. పెరుగుతుంది కనుక సుత్తితో పని ఉండదు. బిగువు ఒక్కదాన్నే నమ్మకుండా, రాడ్డు అడుగున భుజం ఉండేలా, అంటే కింది నుంచి పైకి జారిపోలేనంత వెడల్పు అంచు ఉండేలా కోయించండి. పైన సర్‌క్లిప్ (రాడ్డు జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) గాడి కూడా పెట్టించండి.

మూడవది, రెండు టీలనూ గట్టి అల్యూమినియం దిమ్మె నుంచి కొత్తగా కోయించడం. ఖర్చు ఎక్కువే, కాని ఆఫ్‌సెట్‌ను మీకు కావలసినట్టు పెట్టుకునే వీలు ఈ దారిలోనే ఉంది.

ఇక వద్దని చెప్పే పని ఒకటి ఉంది. రాడ్డును టీకి వెల్డింగ్ చేయించకండి. పోత లోహానికి మామూలు ఆర్క్ వెల్డింగ్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. అది విరిగేది స్టాండు మీద ఉన్నప్పుడు కాదు, గాలిలోంచి దిగేటప్పుడు.

5. బండిని వేలాడదీసి పాతది విప్పండి. ఇంజిన్ కింది ఫ్రేమ్ పైపులకు చెక్క దిమ్మె పెట్టి, మెడకు తాడు కట్టి పై దూలానికి బిగించండి. రెండు ఆధారాలూ ఉండాలి. కాళ్లు ఇంకా టీలో పట్టు మీద ఉండగానే పై టీ బోల్టు మాత్రం వదులు చేసి, ఫోర్కు పై బోల్టులను ఒక చుట్టు వదులు చేసుకోండి. ఊడదీసిన తరువాత వైసులో పట్టి తిప్పాలంటే పైపు చెడుతుంది. హెడ్‌లైటు, ఇండికేటర్లు, మీటరు ఎలాగూ పోటీకి అక్కరలేదు కనుక వైర్లకు చీటీలు కట్టి తీసేయండి. స్టీరింగ్ నట్టు తీసేటప్పుడు కింద గుడ్డ పరచండి; గోళీలు రాలుతాయి. పైన ఎన్ని, కింద ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవాలి.

6. దాత ఫోర్కును పూర్తిగా విప్పి పొడవు సర్దండి. నూనె వంపి, స్ప్రింగు తీసి, అడుగున ఉన్న డ్యాంపర్ బోల్టును విప్పితే పైపు బయటికి వస్తుంది. ఇప్పుడు రెండో అంచెలో రాసుకున్న కొలతతో పోల్చండి. ఉదాహరణకు కొత్త కాలు, చక్రం తేడా కూడా కలుపుకుని, 90 మి.మీ. పొడవు ఎక్కువ వచ్చిందనుకుందాం. పైపులను టీలో 25 మి.మీ. పైకి జరపవచ్చు. 50 మి.మీ. లోపలి బుష్‌తో తగ్గించవచ్చు. మిగిలిన 15 మి.మీ. పొడవును అలాగే ఉంచి, వెనుక షాకబ్జర్లను ఆ మేరకు పొడవైనవి వేసుకుంటే బండి భంగిమ మారదు. పైపును టీలో 10 మి.మీ. జరిపితే, ఈ సైజు బండికి మెడ వాలు సుమారు 0.4 డిగ్రీ మారుతుందని గుర్తుంచుకుంటే లెక్క తేలిక.

లోపలి బుష్ అంటే డ్యాంపర్ రాడ్డు (నూనెను సన్నగా వదులుతూ ఫోర్కు ఊపును అణిచే లోపలి కడ్డీ) మీద ఉండే చిన్న రీబౌండ్ స్ప్రింగుకు కిందివైపు తొడిగే గొట్టం. నైలాన్ గాని అల్యూమినియం గాని వాడండి, పీవీసీ పగులుతుంది. దీని లోరంధ్రం రాడ్డు కన్నా 1 నుంచి 1.5 మి.మీ. వదులుగా ఉండాలి. రాడ్డు పైభాగంలో నూనె పోయే సన్నటి రంధ్రాలు ఉంటాయి. బిగుతు బుష్ వాటిని మూసేస్తే నొక్కిన ఫోర్కు తిరిగి లేవదు, గెంతు గెంతుకూ కూరుకుపోతూ ఉంటుంది. ఈ బుష్ ఎంత పొడవుంటే స్ప్రింగు అంత ఎక్కువగా నొక్కుకుంటుంది కనుక, స్ప్రింగు పైన ఉండే ప్యాకింగ్ గొట్టాన్ని అంతే పొడవు తగ్గించాలి. ఆ గొట్టం అంత పొడవు లేకపోతే బుష్‌ను తగ్గించుకోండి. స్ప్రింగును కోయడం చివరి మాట.

7. సీళ్లు, నూనె వేసి తిరిగి కూర్చండి. పైపు అంచుకు పలచటి పాలిథిన్ సంచి చుట్టి, దాని మీదుగా సీలును జార్చండి. అంచు సీలు పెదవిని కోయకుండా ఉంటుంది. సరిపోయే పీవీసీ గొట్టంతో సీలును సమంగా దిగ్గొట్టండి. నూనె మట్టాన్ని స్ప్రింగు లేకుండా, కాలును పూర్తిగా నొక్కి, పైపు పై అంచు నుంచి కొలవాలి. దాత బండికి తయారీదారు చెప్పిన మట్టంతో మొదలుపెట్టండి. రెండు కాళ్ల మధ్య 2 మి.మీ. కన్నా తేడా ఉండకూడదు. ఇంజిన్ ఆయిల్ పోస్తే ఏమవుతుందని అడుగుతారు. ఫోర్కు పనిచేస్తుంది, కాని ఎండకు పలచబడి, నురగ పట్టి, మొదటి ల్యాపూ ఆఖరి ల్యాపూ ఒకేలా ఉండవు.

8. మెడలో బిగించండి. కొత్త కప్పులను చెక్క ముక్క అడ్డుపెట్టి తిన్నగా దించి, నిండుగా గ్రీజు పట్టించి, రాడ్డు ఎక్కించి, సి స్పానర్‌తో బిగువు పట్టే వరకు బిగించండి. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు తిప్పి, నట్టును కొద్దిగా వదులు చేసి, మళ్లీ ఆట పోయేంత వరకు మాత్రమే బిగించండి. చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో నెడితే తన బరువుకు తానే పక్కకు పడాలి. కాళ్ల అడుగున పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమనకూడదు. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగితే కప్పు చెడ్డదే. గ్రీజు పెంచితే బాగుపడదు.

టీ బోల్టులు 8 మి.మీ. మరవి అయితే 20 నుంచి 23 న్యూటన్ మీటర్లు చాలు. గట్టిగా ఉంటే మంచిదని పైపు పెట్టి తిప్పితే, ఫోర్కు పైపు కోలగా నొక్కుకుపోతుంది, టీ పగులుతుంది.

9. చక్రం, బ్రేకు, అడ్డుగడలు చూసుకోండి. దాత చక్రాన్నే వాడితే పని తేలిక. ఆర్‌ఎక్స్ డ్రమ్ము చక్రాన్నే ఉంచుకోవాలనుకుంటే, బ్రేకు ప్లేటు తిరగకుండా ఆపే పట్టు కొత్త కాలు మీద ఉందా అని మొదట చూడండి. ఆర్‌ఎక్స్ కాలు మీద ఆ ప్లేటును పట్టి ఆపే ఏర్పాటు ఉంటుంది. డిస్కు బ్రేకు కాలు మీద ఉండదు. ప్లేటుకు పట్టు లేకుండా బ్రేకు నొక్కితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబులును చుట్టుకుని, చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. బండి మీ మీదుగా వెళుతుంది. అందుకు ప్లేటును కాలికి కట్టి ఉంచే గట్టి టార్క్ ఆర్మ్ చేయించలేకపోతే డిస్కు చక్రమే వేసుకోండి. యాక్సిల్ నట్టు బిగించాక, కాలు అడుగున ఉండే పట్టు బోల్టును వదులుగానే ఉంచి, ఫోర్కును ఐదారు సార్లు నొక్కి వదిలి, కాళ్లు సర్దుకున్న తరువాత దానిని బిగించాలి.

లావు ఫోర్కు పెట్టిన ప్రతి బండికీ హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే స్టీరింగ్ అడ్డుగడలు మళ్లీ చేసుకోవలసి వస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు పైపు ట్యాంకుకు తగలకూడదు, బొటనవేలు ట్యాంకుకూ హ్యాండిల్‌కూ మధ్య నలగకూడదు, యాక్సిలరేటరు కేబులు లాగబడి ఇంజిన్ రైజు కాకూడదు. మూడింటినీ ఇంజిన్ ఆన్ చేసి, రెండు వైపులా తిప్పి చూడండి.

10. స్ప్రింగులు తీసి పూర్తి అణిచివేత పరీక్ష చేయండి. ఈ అంచెను దాటవేసే వారే ఎక్కువ. నా మొదటి బండికి నేనూ దాటవేశాను. రెండు స్ప్రింగులూ తీసి, పై బోల్టులు మామూలుగా పెట్టి, బండిని తాడుతో మెల్లగా దించి ఫోర్కును చివరంటా మడవండి. టైరుకూ కింది టీకీ, టైరుకూ మడ్‌గార్డుకూ, టైరుకూ సైలెన్సర్ బెండు పైపుకూ మధ్య కనీసం 15 మి.మీ. ఖాళీ కావాలి. ఎండలో ఆ ఖాళీ ఎక్కువే అనిపిస్తుంది. ఒక జల్లు పడితే మన నల్ల ఒండ్రు టైరుకు పిండిలా పట్టుకుని ఆ ఖాళీని నింపేస్తుంది కనుక, మడ్‌గార్డును కింద ఉంచకుండా టీ కిందికి ఎత్తి బిగించడమే మేలు. నా మొదటి బండి స్టాండు మీద ఎక్కడా తగల్లేదు. టేబుల్ టాప్ దిగగానే టైరు బెండు పైపుకు ఒరుసుకుని, ఇంజిన్ ఆగినట్టు చక్రం ఆగింది. భుజం ఎముక అతుక్కోవడానికి ఆ సీజను మొత్తం పట్టింది.

సరిగ్గా వచ్చిందో లేదో చూడడం

మళ్లీ బద్ద, తూకం గుండు తీసి ట్రెయిల్ కొలవండి. పాత అంకె కన్నా 10 మి.మీ. లోపు తేడా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అంతకన్నా తగ్గితే వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. పైపులను టీలో కిందికి దించండి. బాగా పెరిగితే మలుపులో బండి బద్ధకంగా బయటికి పోతుంది; పైపులను పైకి జరపండి, కాని ప్రతిసారీ పదో అంచె పరీక్ష మళ్లీ చేయాలి.

తరువాత శాగ్, అంటే మీ బరువుకు ఫోర్కు ఎంత దిగుతుందో చూడండి. చక్రం గాలిలో ఉండగా బయటికి కనిపించే పైపు పొడవును కొలిచి, హెల్మెట్, బూట్లతో సహా మీరు ఎక్కి కూర్చున్నాక మళ్లీ కొలవండి. తేడా మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి, 140 మి.మీ. కదలిక మిగిలిన ఫోర్కుకు 35 నుంచి 45 మి.మీ. అన్నమాట. ఎక్స్‌పల్స్ 150 కిలోలు దాటిన బండి, ఆర్‌ఎక్స్ ఇంచుమించు 100 కిలోలు. అందువల్ల ఆ స్ప్రింగులు సన్నటి రైడరు కింద 20 మి.మీ. కూడా దిగకపోవచ్చు. అప్పుడు ప్యాకింగ్ గొట్టాన్ని 5 మి.మీ. చొప్పున తగ్గిస్తూ చూడండి; ఎంత తగ్గించినా దిగకపోతే మెత్తటి స్ప్రింగులు కావాలి.

పైపు మీద సీలుకు ఆనించి సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి కట్టి ట్రాక్ ఎక్కండి. మొదట నడక వేగంలో ముందు బ్రేకు పట్టి చూడండి, తరువాత 20 కిలోమీటర్ల వేగంలో ఎనిమిది అంకె తిప్పండి, ఆ తరువాతే గతుకుల్లోకి వెళ్లండి. ఐదు ల్యాపుల తరువాత ఆ టై చివరికి ఇంకా 10 మి.మీ. దూరంలో ఆగి ఉంటే సెట్టింగు బాగున్నట్టు. చివరంటా నెట్టుకుపోయి ఉంటే నూనె మట్టాన్ని 10 మి.మీ. పెంచండి, అది పైన మిగిలిన గాలిని తగ్గించి, ఆఖరి భాగంలో మాత్రమే ఫోర్కును గట్టిపరుస్తుంది. సగం కూడా రాకపోతే స్ప్రింగు గట్టిది, లేదా కాళ్లు పట్టేస్తున్నాయి.

కాళ్లు పట్టేస్తున్నాయని అనుమానం ఉంటే యాక్సిల్ పట్టు బోల్టును వదులు చేసి ఫోర్కును నొక్కి చూడండి. అప్పుడు సులువుగా కదిలితే స్పేసర్ కొలత తప్పు, కాళ్లు లోపలికో బయటికో లాగబడుతున్నాయి. కదలకపోతే టీల బిగింపు చూడండి. రెండు టీలూ ఒకే కోణంలో లేక మెలిపడి ఉంటాయి. ఒక అద్దం పలకను రెండు పైపుల ముందు ఆనిస్తే నాలుగు చోట్లా సమంగా తగలాలి.

దిగినప్పుడు ఠంగుమంటే స్టీరింగ్ నట్టు వదులు. కొత్త కప్పులు మొదటి అరగంటలో సర్దుకుంటాయి కనుక అప్పుడు ఒకసారి బిగించడం ఎలాగూ తప్పదు. ఫోర్కు పైకి లేచినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే లోపలి బుష్‌తో పాటు రీబౌండ్ స్ప్రింగు తిరిగి పెట్టారో లేదో గుర్తు తెచ్చుకోండి. బల్ల మీద ఆ స్ప్రింగు మిగిలిపోయి కనిపించిన ఇళ్లు నాకు రెండు తెలుసు.

ఉంచుకునే తీరు

పైపుల మీద తొడిగే ముడతల రబ్బరు గొట్టాలు, గైటర్లు, వేసుకోమని అందరూ చెబుతారు. దుమ్ముకు మంచివే, కాని మన గాలిలోని తేమ వాటి లోపల చేరి ఎండదు. పైపు సరిగ్గా ఆ చాటునే తుప్పు పడుతుంది. వేసుకుంటే నెలకు ఒకసారి పైకి లాగి, తుడిచి, పలచగా నూనె రాయండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్నును సీళ్ల మీదకూ, మెడ బేరింగుల మీదకూ కొట్టనివ్వకండి. మట్టి పోవడానికి బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు. నూనెను సీజనుకు ఒకసారి మార్చండి. వంపిన నూనె పాల రంగులో ఉంటే నీరు చేరినట్టు, మెరుపు రజను కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నట్టు. కింది టీ, రాడ్డు కలిసే చోటును ప్రతి పోటీకి ముందు కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, సుద్దపొడి రాసి పది నిమిషాలు ఆగి చూడండి. పగులు ఉంటే అందులో దూరిన కిరోసిన్ తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీతగా బయటపడుతుంది. ఆ గీత కనబడిన టీని ఆ రోజే పక్కన పెట్టండి.